తల అతికించే ఆదివారం

హలో... హలో, వినబడుతోందా? ఆ, వినబడితే చాలు. అందరూ కులాసాయేనా? తిన్నవాళ్ళు నడుం వాల్చి వినండి, తిననివాళ్ళు తింటూ వినండి. ఇవాళ ఒకాయన సంగతి చెప్తాను. ఆయన్ని ఎరిగినవాళ్ళంతా కోతలాయన అంటారు. గొప్పలు చెప్పుకునే మనిషేమో అనుకునేరు. అబ్బే, ఆయన నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాలి. ఆయన కోసేది బొమ్మల్ని. సైనికుల బొమ్మల్ని. సరే, శనివారం నుంచి మొదలుపెడతాను.

ఆ శనివారం మధ్యాహ్నం కోతలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, లైబ్రరీ మేడమీద హాలుకి వెళ్ళాడు. అక్కడ బొమ్మల క్లబ్బువాళ్ళ ప్రదర్శన. పొడుగాటి బల్లల మీద తెల్లగుడ్డలు పరిచి, వాటి మీద అద్దాల పెట్టెలు పెట్టారు. పెట్టెకొక సైనికుడు, లేదా ఇద్దరు. బొటనవేలంత ఎత్తువాళ్ళు. ఒక్కొక్కడి మీదా నెలల తరబడి కూర్చున్నవాళ్ళు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, చూసేవాళ్ళ ముఖాల్లోకి చూస్తున్నారు.

ఈ బొమ్మలు అట్టపెట్టెల్లో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. పెట్టె మీద అచ్చేసిన పటంలో ఉన్నట్టే అతికించి, రంగేసి మురిసిపోయేవాళ్ళు చాలామంది. కోతలాయన తీరు వేరు. తుపాకి గురిపెట్టినవాడి చేతులు భుజాల దగ్గర సన్నరంపంతో కోసేస్తాడు. కొత్త కోణంలో రాగితీగ గుచ్చి చేతులు తగిలిస్తాడు. సందుల్లో పుట్టీ నింపి, తడి సూదితో చొక్కా మడతలు తీస్తాడు. గురిపెట్టినవాడు కాస్తా ఉత్తరం చదువుకుంటూనో, చలి కాచుకుంటూనో లేస్తాడు. అక్కడికి ఈయన పని అయిపోతుంది. రంగు మాత్రం బావ వేస్తాడు. బావ అంటే ఈయన భార్యకి సొంత అన్నగారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడతోపాటు ఆ వైపు రాకపోకలన్నీ ఒక్కొక్కటే సన్నబడ్డాయి కానీ, బావ ఇంట్లో ఆదివారం మాత్రం పోలేదు.

ఎందుకంటే తల ఉంది. కోతలాయన బొమ్మకి తల అతికించి ఇవ్వడు. టూత్‌పిక్ మీద గుచ్చి విడిగా ఇస్తాడు, ముఖం వేసేటప్పుడు బ్రష్షు అన్నివైపులా తిరగాలి కదా. రంగు ఆరాక ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ తల అతికిస్తారు. వెంట్రుకవాసి అటు తిప్పితే కోపిష్టి, ఇటు తిప్పితే దిగులు మనిషి. ‘ఇంకాస్త’ అంటాడు బావ. ‘చాలు’ అంటాడు ఈయన. బావ భార్య, ఈయనకి చెల్లెమ్మ, టీ గ్లాసులు పెడుతూ, “ఫోటో స్టూడియోలో తల సర్దుతున్నట్టుంది మీ ఇద్దరి యవ్వారం” అంటుంది. ఆ మాట ఎన్నిసార్లు అన్నా ఇద్దరూ నవ్వుతారు.

ఈసారి బొమ్మలో ఇద్దరు సైనికులు. ఒకడి చెయ్యి విరిగి మెడకి కట్టుంది. రెండోవాడు మోకాలి మీద కూర్చుని, నిలబడ్డవాడి బూటు లేసు కడుతున్నాడు. లేసు కోసం పాత టెలిఫోను తీగలోంచి సన్నపోగు లాగి, వేళ్ళ మధ్యలోంచి దూర్చడానికే కోతలాయనకి రెండు వారాలు పట్టింది. తలలు ఎప్పట్లాగే టూత్‌పిక్ మీద గుచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత బావ, “ఒంట్లో బాగోలేదు బావా, వచ్చే ఆదివారం చూద్దాం” అన్నాడు. ఆ వచ్చే ఆదివారమూ అదే మాట.

ఇప్పుడు అద్దం వెనక బొమ్మ నిలబడి ఉంది. తలలు అతికించేసి ఉన్నాయి.

కోతలాయన వంగి చూశాడు. నిలబడ్డవాడి చూపు తన బూటు కడుతున్నవాడి చేతుల మీద పడాలి. ఆ బొమ్మంతా అందుకోసమే చేసింది. పడలేదు. వాడు ఎటో అద్దం బయటికి, గోడ గడియారం కేసి చూస్తున్నాడు, బస్సు కోసం నిలబడ్డవాడిలా. పెట్టె ముందున్న కార్డు మీద ‘బూటు లేసు’ అని ఉంది. దాని కింద బావ పేరు. ఏటా రెండు పేర్లుండే చోట ఒకటే ఉంది.

కోతలాయన కార్డు వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

“కోతలాయనా, మంచి టైముకొచ్చారు!” అంటూ క్లబ్బు సెక్రటరీ వచ్చాడు. గుండ్రటి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూనే ఉంటాడు. “బావగారి బొమ్మ చూశారా? ఆయన చెయ్యే చెయ్యండీ బాబూ. ఆ కోటు మీద మట్టి చూడండి, తడిమితే చేతికంటేట్టుంది. ఆ... ఆ కుర్చీలు కాస్త ఇటు జరిపి పెడతారా? పెద్దవాళ్ళు నిలబడలేకపోతున్నారు.”

కోతలాయన కుర్చీలు జరిపాడు. జరుపుతూ జరుపుతూ తలుపు పక్కన కూర్చున్న బావ దగ్గరికి చేరాడు.

“బావా.”

“ఆ, బావా... వచ్చావా.” బావ తలెత్తాడు కానీ ఈయన ముఖంలోకి చూడలేదు. భుజం మీదుగా, చెవి పక్కగా ఎటో చూశాడు. “ఎప్పుడొచ్చావ్?”

“ఇప్పుడే. తలలు అతికించేసినట్టున్నావ్.”

“ఆ... అంటే, టైము లేదు కదా. సెక్రటరీ తొందరపెట్టాడు.” మాట్లాడుతున్నంతసేపూ చూపు ఈయన చెవి పక్కనే ఉంది. “బాగానే ఉందా?”

“బాగుంది” అన్నాడు కోతలాయన.

ఆ చూపు ఆయనకి గుచ్చుకుంది. పేరు తీసేసినవాడు కళ్ళలోకి ఎలా చూస్తాడులే అనుకున్నాడు. ఇంకో రెండు కుర్చీలు జరిపి, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

*

ఆదివారం ఆయన వెళ్ళలేదు.

ఆదివారం వెళ్ళకపోతే ఆ రోజు ఎంత పొడుగుంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది. గది ఊడ్చాడు. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చాడు. ఒక గ్లాసు, ఒక కంచం కడిగి బోర్లించాడు. కిటికీ పక్కన ఆయన పని బల్ల. దాని పైన అరలో కోసి, అతికించి, బూడిదరంగు పూత మాత్రం వేసిన బొమ్మలు వరసగా ఉన్నాయి, బావ వంతు కోసం ఎదురుచూస్తూ. ఒకడు గడ్డం గీసుకుంటున్నాడు. ఒకడు కుక్కకి రొట్టె పెడుతున్నాడు. ఏ ఒక్కడికీ ముఖం లేదు. తలలు టూత్‌పిక్‌ల మీద, సబ్బుముక్కకి గుచ్చి పక్కన ఉన్నాయి.

సాయంత్రం ఫోను మోగింది. చెల్లెమ్మ.

“అన్నయ్యా, రాలేదేం? పొద్దుట్నుంచీ గుమ్మం కేసే చూస్తున్నారు ఈయన.”

“తలనొప్పిగా ఉందమ్మా.”

“ఈయనకి ఒంట్లో బాగోకపోతే మీకు తలనొప్పి. బాగుంది వరస.” నవ్వబోయి ఆపేసింది. “అన్నయ్యా... ఒకమాటు వచ్చి కూర్చోండి. ఈయన ఎవరితోనూ చెప్పరు, చెప్పనివ్వరు.”

“ఏం చెప్పనివ్వరు?”

లోపల్నుంచి బావ గొంతు, “ఎవరే ఫోన్లో?” అని వినిపించింది. “ఎవరూ కాదు, పాలవాడు” అని చెల్లెమ్మ ఫోను పెట్టేసింది.

కోతలాయన ఫోను పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో తను పాలవాడైపోయాడు. ఇన్నేళ్ళ సంబంధం. భార్య ఉన్నప్పుడు ఆమె పుట్టిల్లు. ఆమె పోయాక తనకి మిగిలిన ఒకే ఒక గుమ్మం. అదీ ఇవాళ్టితో సరి అనిపించింది.

సోమవారం షాపుకి వెళ్ళాడు. కోతలాయన పని చేసేది కళ్ళజోళ్ళ షాపులో, వెనక గదిలో. ముందు గదిలో కళ్ళ పరీక్ష చేసే అమ్మాయి నంబరు రాసిస్తే, ఈయన అద్దం అంచు అరగదీసి ఫ్రేములో బిగిస్తాడు. అరగదీసే యంత్రం సన్నగా ఈల వేస్తూ ఉంటుంది. ఆ ఈలలో మనుషులతో మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

ఆ రోజు ఒక పెద్దావిడ కొత్త కళ్ళజోడు వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టింది. “నాయనా, దీని మధ్యలో ఎవడో వేలిముద్ర వేశాడు. ఎంత తుడిచినా పోవట్లా. నువ్వు తుడిచిపెట్టు.”

కోతలాయన తుడిచి, వెలుతురుకి పెట్టి చూశాడు. మచ్చ లేదు.

“ఉంది నాయనా. చూసిన చోటే ఉంటుంది. నీ ముఖం కేసి చూస్తే నీ ముఖమే ఉండదు. కాస్త పక్కకి చూశాననుకో, అప్పుడు కనబడతావు.” ఆవిడ ఈయన భుజం వైపు చూస్తూ నవ్వింది. “ఆ, ఇప్పుడు కనబడ్డావు. బక్కగా ఉన్నావేంటి, తినవా?”

కళ్ళ పరీక్ష చేసే అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, “మచ్చ అద్దంలో లేదు మామ్మా, కంట్లో ఉంది. ఆస్పత్రికి వెళ్ళాలి” అని లోపలికి తీసుకెళ్ళింది. కోతలాయన మళ్ళీ యంత్రం ముందు కూర్చున్నాడు. ఆయన మనసు అప్పుడు అక్కడ లేదు. ఖాళీగా ఉన్న ఆ కార్డు వెనకే ఉంది.

మర్నాడు సెక్రటరీ చేతిలో చెప్పుల డబ్బా పట్టుకుని షాపుకొచ్చాడు. ముఖం వేలాడేశాడు.

“తిట్టకండి. పెట్టెలు దింపుతుంటే చెయ్యి జారింది. మిగతావి బాగానే ఉన్నాయి కానీ, బావగారిది...”

డబ్బాలో దూది మధ్య బూటు లేసు పడుంది. నిలబడ్డవాడి తల ఊడిపోయి మూలకి దొర్లింది.

“బావగారికి ఫోన్ చేశాను. ‘కోతలాయనకి మాత్రం ఇవ్వద్దు, ఎలా ఉన్నది అలాగే నాకు పంపించెయ్యండి’ అన్నారు. గట్టిగానే అన్నారు. అదేంటో మరి. అయినా అతికించేది మీరే కదా, దారిలోనే కదా షాపు అని... మీరేమీ అనుకోరుగా?”

“అనుకోవడానికేముంది” అన్నాడు కోతలాయన.

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు. దీపం వేసి, డబ్బా బల్ల మీద పెట్టాడు. పక్కనే సీసాలో రంగు ఊడగొట్టే మందు పోశాడు. అందులో వేస్తే తెల్లారేసరికి రంగంతా పొట్టులా లేచిపోయి, బూడిదరంగు ప్లాస్టిక్ మిగులుతుంది. తను కోసింది మిగులుతుంది. ‘కోతలాయనకి మాత్రం ఇవ్వద్దు’ట. సరే, రంగు ఆయనది, ఆయన రంగు ఆయనకే పోనీ. తీగ నాది, లేసు నాది, మోకాలి మీద గుడ్డ ముడత నాది.

తలని పట్టకారుతో పట్టుకుని మందు మీదికి తెచ్చాడు. చేతి అలవాటు కొద్దీ, షాపులో పెట్టుకునేలాంటి భూతద్దాల పట్టీ నుదుటికి తగిలించి కళ్ళ మీదికి దించుకున్నాడు. ముంచే ముందు ఒక్కసారి ముఖం చూశాడు.

చెయ్యి ఆగిపోయింది.

ఎడమ కన్ను బాగానే ఉంది. బావ కన్నే. ఉత్త తెలుపు వెయ్యడు బావ, అందులో చర్మం రంగు పిసరంత కలుపుతాడు. కుడి కన్ను కన్ను కాదు. నల్లచుక్క రెప్ప మీద పడింది. దాని మీద చర్మం రంగు పూసి కప్పారు. మళ్ళీ చుక్క, ఈసారి ముక్కు వైపు. మళ్ళీ కప్పారు. మళ్ళీ. పూత మీద పూత పడి ఆ చోట పుండు మీద పక్కులా గట్టిపడింది. తను సూదితో గీసిన రెప్ప దాని కింద ఎక్కడో పూడుకుపోయింది.

కోతలాయన తలని దూది మీద పెట్టి, మొండెం చేతిలోకి తీసుకున్నాడు. కోటు గుండీలు చూశాడు. ఇత్తడి రంగు చుక్కలు గుండీల మీద లేవు, గుండీకీ గుండీకీ మధ్యన ఉన్నాయి. బెల్టు రంగు బెల్టు దాటి పక్కకి పోయింది. వెనక్కి తిప్పాడు. కోటు వీపు మీద నీడలు, ప్యాంటు మడతల్లో మట్టి... అవన్నీ ఎప్పటికంటే బాగున్నాయి. పెద్ద బ్రష్షుతో వేసినవన్నీ అద్భుతంగా ఉన్నాయి. బ్రష్షు మొన పెట్టిన ప్రతిచోటా, సరిగ్గా చూసి పెట్టాల్సిన ప్రతిచోటా, రంగు పక్కకి తప్పింది.

చూసిన చోటే ఉంటుంది, అంది పెద్దావిడ. కాస్త పక్కకి చూస్తే కనబడతావు.

హాల్లో తలుపు పక్క కుర్చీ గుర్తొచ్చింది. తన భుజం మీదుగా, చెవి పక్కగా చూసిన చూపు. తనని తప్పించుకోవడానికి అనుకున్నాడు. ఆ మనిషి తన ముఖం కనబడాలనే అటు చూశాడు.

తల అతికించే ఆదివారం ఎందుకు రావద్దన్నాడో కూడా అప్పుడే అర్థమైంది. పక్కపక్కన కూర్చుంటే ఈ తల తన చేతిలోకి వచ్చి ఉండేది. భూతద్దాలు పెట్టుకుని పుట్టినట్టుండే తన కళ్ళ ముందుకి వచ్చి ఉండేది.

కోతలాయన లేచి మందు సీసా మూత బిగించాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఆ పక్కు కట్టిన కంటి మీద వేలి కొన ఆనించి ఉంచాడు.

*

బుధవారం నుంచి ఆయన షాపులో యంత్రం ఆపీ ఆపకముందే గదికి వచ్చేయడం మొదలుపెట్టాడు. అరలోంచి కొత్త పెట్టె దింపాడు. పెట్టె మీద పటంలో అందరూ దూసుకొస్తున్న సైనికులే. నోళ్ళు తెరిచి, కళ్ళు పెద్దవి చేసి అరుస్తున్నారు.

మొదటివాణ్ణి నడుం దగ్గర కోసి, దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. పుట్టీని వేళ్ళ మధ్య నలిపి మెత్తగా చేసి, అప్పడంలా ఒత్తి టోపీ చేశాడు. దాన్ని వాడి ముఖం మీద బోర్లించాడు. అరిచే నోరు టోపీ కింద నిద్రపోయింది. రెండోవాడి చేతులు రెండూ మోచేతుల దగ్గర వంచి, దోసిలి ముఖానికి ఆనించాడు. ముఖం కడుక్కుంటున్నాడు వాడు. మూడోవాడి తల వెనక్కి వంచి, నీళ్ళ సీసా నోటికెత్తి పెట్టాడు. మోచెయ్యి కళ్ళకి అడ్డం వచ్చింది. నాలుగోవాడితో తంటా వచ్చింది. ఏం చేసినా ముఖం బయటికే కనబడుతోంది. రెండు సాయంత్రాలు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి పుట్టీతో చొక్కా చేసి వాడి తల మీదుగా తొడిగాడు. చొక్కా తల దగ్గర ఇరుక్కుపోయి, చేతులు పైకి లేపి గింజుకుంటున్నవాడిలా తయారయ్యాడు. దాన్ని చూసి కోతలాయన ఒక్కడే గదిలో పైకే నవ్వాడు. ఆ నవ్వు ఆ గదికి కొత్త.

పక్కన బూటు లేసు ఉంది. దాని విరిగిన మెడలో పాత జిగురు గీకి, కొత్త రాగితీగ గుచ్చాడు. తలని మాత్రం శుభ్రం చేసి టూత్‌పిక్‌కి గుచ్చాడు. ఆ కంటికి రంగు వెయ్యలేదు, ఊడగొట్టనూ లేదు. టోపీ అంచు మాత్రం పుట్టీతో పిసరంత ముందుకి పెంచాడు.

ఆదివారం బావ ఇంటి తలుపు కొట్టాడు. చెల్లెమ్మ తీసింది. తీసి, పక్కకి జరగడం మర్చిపోయి అలాగే నిలబడింది.

“పాలవాణ్ణి” అన్నాడు కోతలాయన.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

బావ కిటికీ దగ్గర బల్ల ముందున్నాడు. బల్ల ఖాళీ. బ్రష్షులన్నీ కడిగి గ్లాసులో పెట్టి ఉన్నాయి, ఎండిపోయి. అడుగుల చప్పుడుకి తల తిప్పి, ఈయన చెవి పక్కగా చూశాడు.

“సెక్రటరీ వెధవ నీకే ఇచ్చాడా?”

“ఇచ్చాడు.”

కోతలాయన డబ్బా తెరిచి నలుగురినీ ఒక్కొక్కరినే తీసి బావ అరచేతిలో పెట్టాడు. బావ వాళ్ళని కళ్ళకి దగ్గరగా తెచ్చుకోలేదు. బొటనవేలితో తడిమాడు. టోపీ. పొట్ట మీద చేతులు. “నిద్రపోతున్నాడు వీడు.” దోసిలి. “వీడు ముఖం కడుక్కుంటున్నాడు.” సీసా. నాలుగోవాడి దగ్గర వేలు ఆగింది. అటూ ఇటూ తిప్పాడు. “వీడికేమైంది?”

“చొక్కాలో తల ఇరుక్కుంది.”

“నీకు పెళ్ళైన కొత్తలో మా చెల్లి కుట్టిన చొక్కాలా ఉంది.”

“అదే. మెడ చిన్నది పెట్టింది కదా. ఆ రోజు నువ్వూ మీ నాన్నా చెరోవైపు లాగారు.”

బావ నవ్వాడు. నవ్వుతూనే నలుగురినీ మళ్ళీ తడిమాడు, మొదట్నుంచీ. ఈసారి నెమ్మదిగా. నవ్వు ఆగిపోయింది.

“ఒక్కడికీ కళ్ళు వెయ్యక్కర్లేదు” అన్నాడు.

కోతలాయన గ్లాసులోంచి పెద్ద బ్రష్షు ఒకటి తీసి, ఎండిన కొనని వేలితో విదిలించాడు. “కోట్లు ఉన్నాయి. దుప్పటి ఉంది. మట్టి ఉంది. అవి నాకు రావు.”

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

“నడిమధ్య మబ్బు పట్టినట్టుంటది బావా” అన్నాడు బావ. “కన్ను వేద్దామని కన్ను కేసి చూస్తే కన్ను మాయమవుద్ది. పక్కకి చూస్తే కనబడుద్ది, అప్పుడు చెయ్యి తప్పుద్ది. డాక్టరు కంట్లో సూదులేస్తున్నాడు. ఉన్నది పోకుండా చూస్తాడంట, పోయింది రాదంట.”

“నాకు చెప్పొచ్చుగా.”

“చెప్తే ఏం చేస్తావ్? షాపులో అద్దాలన్నీ మూటగట్టుకుని రోజుకొకటి పట్టుకొస్తావ్. దీంతో చూడు, దాంతో చూడు అంటావ్. నేను కనబడట్లేదనాలి, నువ్వు ముఖం వేలాడెయ్యాలి. ఎందుకొచ్చింది?”

“అంతేలే” అన్నాడు కోతలాయన. “మరి ప్రదర్శనకెందుకు పెట్టావ్?”

“ఇంకోటి పెడతానో లేదోనని.” బావ చేతిలో నిద్రపోయేవాణ్ణి బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టాడు. “కార్డు మీద నీ పేరు తీయించింది నేనే. సెక్రటరీ రెండూ రాసుకొచ్చాడు. వద్దని మళ్ళీ రాయించా. ఆ కన్ను కింద నీ పేరెందుకు బావా? నవ్వేవాడు నన్నొక్కణ్ణే చూసి నవ్వుతాడు కదా.”

కోతలాయన డబ్బాలోంచి బూటు లేసు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. టూత్‌పిక్ మీద తలని బావ వేళ్ళకి అందించాడు.

“ఇది అతికించలేదు” అన్నాడు. “నువ్వు అతికించావ్ చూడు, గడియారం కేసి చూస్తున్నాడు వాడు, బస్సు తప్పిపోయినట్టు.”

“అంత దరిద్రంగా పెట్టానా?”

“అంతకంటే దరిద్రంగా.”

తీగ కొనకి జిగురు చుక్క పెట్టాడు. తల దాని మీదికి దించాడు. బావ చూపుడువేలు, కోతలాయన బొటనవేలు, మధ్యలో శనగగింజంత తల.

“ఎటు చూస్తున్నాడు?” అడిగాడు బావ.

“కిటికీ కేసి.”

“తిప్పు. ఇంకాస్త... ఇంకాస్త కిందకి.”

టోపీ నీడ ముఖం మీదికి జారింది. కుడి కన్ను నీడలోకి వెళ్ళిపోయింది. చూపు వంగి, లేసు కడుతున్నవాడి చేతుల మీద ఆగింది.

“చాలు” అన్నాడు కోతలాయన.

“సరిగ్గా చూస్తున్నాడా?”

“చేతుల్నే చూస్తున్నాడు.”

జిగురు ఎప్పుడో పట్టేసింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చెల్లెమ్మ టీ గ్లాసులు తెచ్చి పక్కన పెట్టి, ఆ రెండు చేతుల్నీ చూసి, అలవాటైన మాట అనబోయి ఊరుకుంది. టీ చల్లారిపోతోంది. వేళ్ళు మాత్రం ఇద్దరూ తియ్యలేదు.

అదండీ సంగతి. ఉంటాను మరి. పెట్టేసే ముందు ఒక్క మాట. మీ ఫోన్లో ఒక నంబరుంటుంది, ‘వాడే ఫోన్ చెయ్యనీ, నేనెందుకు చెయ్యాలి’ అని మీరు వదిలేసింది. ఈ కథ ముందు ఆ నంబరుకి పంపండి. మిగతావాళ్ళకి తర్వాత పంపినా పర్లేదు.